మందలో సగము

మేషము, ఏడిక, తగరు అని పొట్టేలునకు గల పర్యాయపదములను మన విద్యార్థులు వల్లింతురు. మేషరాశి పేరెరుగుదురు. పోరాడుచున్న రెండు పొట్టేళ్ళ నడుమ నెత్తురునకాశపడి దూరి ప్రాణము గోల్పోయిన నక్క కథను పంచతంత్రమున చదువుదురు. కాని ఆ పొట్టేలు మందలో చేయు పని యెట్టిదో, కాపరి దానిని ఎట్లు ఏలుకొనునో వారిలో పలువురకు తెలియదు. చిన్నమంద గల పేదకాపరి సంసారము ఆ యొక్క జంతువుపై నిలిచియున్నదనుట అతిశయోక్తి కాదు.

తెలంగాణ ప్రభుత్వము 2017లో ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకమున కుటుంబమునకు 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున నిర్ణయించిరి. ఈ లెక్కలో ఒక సత్యమున్నది. గొర్రె ఎంత మంచిదైనను ఈతకు ఒకటి రెండు పిల్లలకే తన గుణము నీయగలదు. పొట్టేలు గుణమో, ఆ యేట పుట్టిన ప్రతి పిల్లలోను సగమై నిలుచును. పొట్టేలే మందలో సగమను మాట కిదియే అర్థము.

వయసువచ్చిన పొట్టేలొకటి 25 మొదలు 30 గొర్రెలకు చాలును. దాని నెన్నుకొనునపుడు కొమ్ముల వంపు చూచి మురిసిన చాలదు. కాళ్ళు తిన్నగా నున్నవా, గిట్టలు గట్టివా, పండ్లు సరిగా కలియుచున్నవా, విత్తులు రెండును సమముగా నున్నవా యని పరీక్షింపవలెను. పాలు సమృద్ధిగా గల తల్లి కడుపున పుట్టినదైనచో మరియు మేలు.

గొర్రె చూలు సుమారు ఐదు చాంద్రమాసములు, అనగా 147, 148 దినములు. తొలకరి పచ్చిక మేసి ఆషాఢమున చూలుగట్టిన గొర్రె మార్గశిరమున ఈనును. పొట్టేలును ఏడాది పొడుగున మందలోనే విడిచినచో కొన్ని పిల్లలు మేతలేని మండువేసవిలో పుట్టి, తల్లికి పాలు చాలక నశించును. కావున కలియుకాలము గడచిన పిదప దానిని వేరుచేయవలెను. ఒంటరిగా కట్టినచో అది బెంగగొనును. విత్తులు నొక్కిన పొట్టేలొకటి తోడుండుట మంచిది.

పొట్టేలు దేహమున బీజము సిద్ధమగుటకు సుమారు 7 వారములు పట్టును. అందుచేత ఆషాఢపు ఫలితము వైశాఖ జ్యేష్ఠములలోనే నిర్ణయమగును. ఆ రెండు నెలలు గుప్పెడు ఉలవలు, కొంత తవుడు, చల్లని నీడ, కడుపార నీరు దానికి దక్కవలెను. ఎండదెబ్బ తిన్న పొట్టేలు పైకి పుష్టిగా కనబడినను గొర్రెలు చూలుగట్టకపోవచ్చును. దీనిని కనుగొనుట కొక సులభోపాయమున్నది. నూనెతో కలిపిన జేగురును పొట్టేలు రొమ్మున పూసినచో, అది కలిసిన గొర్రె నడుముపై ఎర్రని గురుతు పడును. చూలుగట్టని గొర్రె సుమారు 17 దినములకు మరల ఎదకు వచ్చును. అప్పుడు రంగు మార్చి చూడవలెను. పెక్కు గొర్రెలపై రెండవ రంగు కూడ పడినచో, దోషము పొట్టేలుదని అనుమానింపవలెను.

ఇక దాని స్వభావము. పసితనమున నుదురు తట్టి ఆడించిన పిల్లయే పెద్దదై యజమానిని కుమ్మును. మనిషియన్న బెదురు పోవుటయే ఇందులకు కారణము. ఎంత సాధువైనను పొట్టేలునకు వీపు చూపరాదు. క్రొత్త పొట్టేలును పాతదానితో చేర్చునపుడు, వెనుకకు జరిగి పరుగెత్తి ఢీకొనుటకు చోటులేని ఇరుకు దొడ్డిలో ఒకటి రెండు దినములుంచినచో, ఒకదాని వాసన ఒకదాని కలవాటై పగ చల్లారును.

ఇవన్నియు ఓర్పుతో నేర్వదగినవి. కష్టమైనవి రెండు కలవు. మొదటిది, మంచి పొట్టేలునే విడుచుట. మూడవ యేటి ఆషాఢము నాటికి అది తొలియేట కన్న ఆడుపిల్లలు ఎదకు వచ్చియుండును. అదే పొట్టేలు మందలో మిగిలినచో తన కూతుళ్ళనే కలియును. అట్టి సంతతిలో బలహీనతయు చావులును పెరుగును. అందుచేత రెండు ఋతువులు గడవగానే దూరపు ఊరి కాపరితో దానిని మారకము చేసికొనవలెను.

రెండవది మరింత కఠినము. బేరగాడు దొడ్డిలో అడుగిడగానే వేలుపెట్టి చూపునది ఏపుగా పెరిగిన పొట్టేలుపిల్లనే. జాతరలకును, బక్రీదుకును దానికే ధర. ఇంట అప్పున్నది, పిల్లల చదువున్నది, కాపరి కాదనలేడు. మేలైనది కోతకు పోవును. ఎవరును కొనని గిడసబారినది దొడ్డిలో మిగిలి, మరుసటి యేడు మందకు తండ్రియగును. ఇట్లు ఏటేట మేలు వెలికి, కీడు లోపలికి. కొన్నియేండ్లకు మంద కురుచబారినపుడు కాపరి మేతను నిందించును, దైవమును నిందించును.

రైతు ఆకలివేళను గూడ విత్తనపు గింజను ముట్టడు. కాపరికి ఆ నిగ్రహము ఒంటరిగా సాధ్యము కాకపోవచ్చును. ఊరిలోని నలుగురు కాపరులు చందా వేసికొని, తమ మందలలో పుట్టిన మేలైన పిల్లను అమ్మకుండ నిలిపి, దూరపు ఊరివారితో మార్చుకొన్నచో ఆ భారము తేలికయగును.

మన పల్లెలలో ఇట్టి పొట్టేలును విత్తనపు పొట్టేలందురు. నిఘంటువులోని మేషము, తగరులకంటె ఈ పేరున నున్న జ్ఞానము గొప్పది. ఉపాధ్యాయులు పర్యాయపదములు చెప్పునాడు దీనిని గూడ చేర్చి చెప్పుదురుగాక. ఆ తరగతిలో కాపరి బిడ్డ యొకడుండవచ్చును. రేపు బేరగాడు వచ్చునాటికి ఆ మాట వానికి జ్ఞాపకము రావచ్చును.