మారిషస్ చెరకు: ధర పోయింది, ఇక ముచ్చెల మీదే ఆధారం

1973లో మారిషస్ ద్వీపం 7.18 లక్షల టన్నుల పంచదార తీసింది. 2022లో ఉత్పత్తి రెండున్నర లక్షల టన్నులకు లోపే. ఇందులో తుఫానుల పాలు కొంత, బజారు పాలు ఎక్కువ.

1975 నాటి లోమే ఒప్పందం కింద యూరపు దేశాలు ఏటా సుమారు 5 లక్షల టన్నులను తమ దేశవాళీ ధరకే కొనేవి. 2006-2009 మధ్య ఆ ధరలో 36 శాతం కోత పడింది. 2009లో ఆ కొనుగోలు ఏర్పాటే ముగిసింది. 2017 సెప్టెంబరు 30తో యూరపులో ఉత్పత్తి కోటాలూ రద్దయి, బీటు పంచదార స్వేచ్ఛగా బజారుకెక్కింది. 2005లో 11 మిల్లులుండగా ఇప్పుడు 3 మిగిలాయి. హామీ ధర ఉన్నన్నాళ్లు టన్నుల లెక్క చాలింది. ఇప్పుడు ఎకరానికి ఎంత, ఎంత ఖర్చుతో అన్నదే లెక్క.

అందుకే పరిశోధన మాట పైకి వస్తున్నది. రెడ్యుయిలోని పంచదార పరిశోధన సంస్థ 1953లో వెలసింది. దాని ఖర్చు పంచదారపై సెస్సు నుంచే భరించేట్టు ఆనాడు ఏర్పాటు. చిక్కు కూడా అక్కడే: సరుకు తగ్గితే సెస్సూ తగ్గుతుంది, పరిశోధన ఎక్కువ కావలసిన రోజునే చేతిలో డబ్బు తక్కువ. పైగా కొత్త రకం చెరకు సంకరం నుంచి రైతు చేతికి చేరడానికి 12 నుంచి 15 ఏళ్లు పడుతుంది. ఒక ఏడు గ్రాంటు కోస్తే దాని దెబ్బ మిల్లుకు తగిలేది పుష్కర కాలం తరువాత.

ఒకే రకాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో ఆ దేశానికి అనుభవమే. 1950 దశకంలో పొలాలను ఏలిన ఎం 134/32 రకం గాలికి నిలిచేది కాదు. 1960లో అలిక్స్, కారల్ తుఫానులు వరుసగా కొట్టగా, ముందటి ఏడు 5.8 లక్షల టన్నులున్న ఉత్పత్తి 2.4 లక్షలకు పడిపోయింది. గాలికి తట్టుకునే రకాలు ఆ తరువాతనే పొలాలకెక్కాయి.

రకం ఒక్కటే చాలదు. కార్శి తోటను గిడసబార్చే తెగులుకు ముచ్చెలను 50 డిగ్రీల వేడినీటిలో రెండు గంటలు ఉంచి నాటాలి. పెద్ద ఎస్టేటుకు ఇది సులువు. నాలుగైదు ఎకరాల ఆసామికి శుద్ధి చేసిన ముచ్చెలు ఎవరో ఇవ్వాలి, నేర్పాలి. ఈ చిన్న రైతులలో అధికులు భారతీయ కూలీల సంతతివారు. కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువారిని ‘కోరంగీలు’ అనేవారు. కూలీలు దొరకక, పిల్లలు సేద్యం వైపు చూడక ఎందరో చెరకు మానుకున్నారు. రాళ్లు ఏరి, కమతాలు కలిపి యంత్రాలు దింపే పని కొంత జరిగింది. చెరకు సాళ్ల మధ్య బంగాళాదుంప వేయడం కూడా అక్కడి పరిశోధన చూపిన దారే. కూరగాయలు వగైరాల శిక్షణ 2014 నుంచి వేరొక సంస్థ చూస్తున్నది.

వర్తకులు గమనించవలసింది మరొకటి. తెల్ల పంచదార పోటీలో నెగ్గలేని ద్వీపం డెమెరారా, మస్కవాడో వంటి ప్రత్యేక రకాలకు హెచ్చు ధర రాబడుతున్నది. పిప్పితో విద్యుత్తు అమ్ముతున్నది. కోత జూన్‌లో మొదలై డిసెంబరు దాకా సాగుతుంది. అమ్మకం 1919 నాటి సిండికేటు చేతిలోనే ఉన్నది.