ఏమీ పెట్టలేదండీ

సోమవారం పొద్దున ఏ కుక్కల డాక్టరు గది ముందు కూర్చున్నా ఇంచుమించు ఒకే సంభాషణ చెవిన పడుతుంది. "కొత్తగా ఏమైనా పెట్టారా అండీ?" "ఏమీ పెట్టలేదండీ, రోజూ తినేదే." కుక్క బల్ల మీద తల వేలాడేసుకుని నిలబడి ఉంటుంది. దానికి మాటలు వచ్చి ఉంటే ఆదివారం తాతగారు బల్ల కింద నుంచి అందించిన మటన్ కొవ్వు, బుడ్డోడు పంచిపెట్టిన ఐస్‌క్రీం, వంటింటి చెత్తబుట్టలో అది స్వయంగా సంపాదించుకున్నది, అన్నీ వరసగా అప్పజెప్పేసేది. మాటలు రానిది నోరు విప్పలేదు. మాటలు వచ్చినవాళ్లు నోరు విప్పరు. వైద్యం అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఉన్నట్టుండి కుక్కకు వాంతులో మోషన్సో పట్టుకుంటే మనం జబ్బు పేరు కోసం వెతుకుతాం. వాంతి జబ్బు కాదు, కబురు. అది కడుపు పంపిన కబురు కావచ్చు, క్లోమం, మూత్రపిండాలు, గర్భసంచి పంపినదైనా కావచ్చు. పేరు పెట్టే పని డాక్టరుకు వదిలేద్దాం. ఇంట్లోవాళ్లు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఒక రోజు ఆగి చూడొచ్చా, ఇప్పుడే బండి తీయాలా?

ముందు, అది వాంతేనా? నిజం వాంతికి ముందు కుక్క చొంగ కారుస్తుంది, మూతి నాక్కుంటుంది, డొక్కలు ఎగరేస్తుంది. ఏ శ్రమా లేకుండా తిన్నది తిన్నట్టే జారి బయటపడితే తిరకాసు అన్నవాహికలో ఉన్నట్టు. ఖళ్ళుఖళ్ళున దగ్గి చివర్లో కాస్త తెల్లటి నురగ కక్కితే అది ఎక్కువగా దగ్గు జబ్బే. తెల్లారుజామున పసుపుపచ్చటి పసరు కక్కి, ఆ వెంటనే తోకాడిస్తూ గిన్నె దగ్గరికి పోతే కడుపు ఖాళీగా ఉందని అర్థం. రాత్రి పడుకునే ముందు చిన్న ముద్ద పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

విరేచనాలకూ చిరునామా ఉంటుంది. తక్కువసార్లు, ధారాళంగా నీళ్లలా పోతే గొడవ చిన్నపేగులో. పదేపదే ముక్కుతూ, కొంచెం కొంచెంగా, జిగురూ ఎర్రటి నెత్తుటి చారలతో పోతే పెద్దపేగులో. తారులా నల్లగా పోతే కడుపులోనో చిన్నపేగులోనో నెత్తురు కారి, అరిగి వస్తోందన్నమాట. చూడటానికి ఎర్రటిదే ఎక్కువ భయపెడుతుంది గానీ, నల్లదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక ఫొటో తీసుకోండి. ఫోన్‌లో పెళ్లి ఫొటోల మధ్య అదొకటి ఉంటే ఉండనివ్వండి, డాక్టరుకు పనికొస్తుంది.

కారణాల్లో అన్నిటికన్నా మామూలుది కక్కుర్తి. మనిషి పారేసింది ఏరుకు తింటూ మనిషి పక్కన పెరిగిన జంతువు కుక్క. ముందు మింగడం, తర్వాత విచారించడం దాని పద్ధతి. విచారణలో తేడా వస్తే సులువుగా కక్కేసే వీలు కూడా దానికి ఉంది. కక్కినదాన్ని మళ్లీ పరిశీలనకు తీసుకోవడం మాత్రం మనం చూడలేని ఘట్టం. చెత్తబుట్ట కేసులు చాలావరకు రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ మధ్యలో ఎవరు ఏ మాత్ర ఇచ్చి ఉంటే ఖ్యాతి ఆ మాత్రకు పోతుంది.

దీనికి తోబుట్టువు మేత మార్పు. నిన్నటిదాకా పెరుగన్నం తిన్న కడుపుకు ఇవాళ ఒక్కసారిగా ఖరీదైన ప్యాకెట్ మేత పడితే, పేగుల్లో కాపురముంటున్న సూక్ష్మజీవులకు అది ప్రభుత్వం మారినట్టు. పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ వారం రోజులు పట్టించాలి. పాలదీ ఇదే కథ. తల్లిపాలు మానిన కుక్కల్లో లాక్టోజు అనే పాలచక్కెరను అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. అందుకే గిన్నెడు పాలు మర్నాటికి గచ్చు కడిగే పనిగా మారుతుంటాయి. పులిసిన పెరుగులో లాక్టోజు కొంత తగ్గుతుంది కాబట్టి అది ఎక్కువ కుక్కలకు పడుతుంది.

కొవ్వు సంగతి వేరు. పండగ మర్నాడు మటన్ కొవ్వు, వేపుడు నూనె మీద పడ్డ కుక్కకు క్లోమం వాయవచ్చు. ఆహారాన్ని అరిగించాల్సిన రసాలు ఆ అవయవాన్నే అరిగించడం మొదలుపెడతాయి. ఆగని వాంతులు, తిండి ముట్టకపోవడం, ముందు కాళ్లు నేలకు చాచి వెనక భాగం పైకెత్తి ఉండటం దీనికి గుర్తులు. సాష్టాంగపడుతూ సగంలో ఆగినట్టుండే ఆ భంగిమను భక్తి అనుకోకండి, కడుపునొప్పి.

ఇక వంటింటి విషాలు. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల మూత్రపిండాలు దెబ్బతింటాయని పశువైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఎందుకన్నదే అంతుపట్టలేదు. ఒక కుక్క గుత్తి తిని గంతులేస్తుంది, ఇంకొకటి కొన్ని పళ్లకే పడిపోతుంది. ఆధారం ఊహించని చోట దొరికింది: పిల్లలు బొమ్మలు చేసుకునే ఇంటి పిండిముద్ద. అందులో కలిపే క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి కడుపులోకి పోయిన కుక్కకూ అచ్చం అలాగే జరిగింది. ద్రాక్షలోనూ ఆ పొడిలోనూ ఉన్న ఉమ్మడి పదార్థం టార్టారిక్ ఆమ్లం. అసలు దోషి ఇదే కావచ్చని అమెరికా విషవైద్య నిపుణులు 2021లో ప్రతిపాదించారు. రకాన్ని బట్టీ పక్వాన్ని బట్టీ ద్రాక్షలో ఈ ఆమ్లం హెచ్చుతగ్గులవుతుంది కనుక పాత చిక్కుముడి కూడా విడినట్టే ఉంది.

ఈ కథ మనకెందుకంటే, టార్టారిక్ ఆమ్లం దండిగా ఉండేది చింతపండులో. చింతపండు తిని మూత్రపిండాలు పాడైన కుక్కల సంగతిని కూడా ఆ నిపుణులే ఆ తర్వాత ప్రచురించారు. నేల రాలిన పులిహోర మెతుకులు నాకిందని హడలిపోనక్కర్లేదు. చింతపండు ముద్ద ఎత్తుకుపోతే మాత్రం వాంతి అయ్యేదాకా ఎదురుచూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తెలుగువాడి పులుసులో ఇంకో ఇద్దరు నేరస్థులున్నారు: ఉల్లి, వెల్లుల్లి. అవి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయకే రక్తంలో తేడా కనిపిస్తుంది. అంటే పది కిలోల కుక్కకు 150 గ్రాములు, ఒక పెద్ద ఉల్లిగడ్డ. దెబ్బ వెంటనే కనపడదు, కొన్ని రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోయి బయటపడుతుంది. అప్పటికి పులుసు సంగతి ఎవరికీ గుర్తుండదు. చాక్లెట్, తియ్యదనానికి జైలిటాల్ కలిపిన చక్కెరలేని చూయింగ్ గమ్, ఎలుకల మందు కూడా ఈ జాబితాలోవే. జ్వరానికి మనం వేసుకునే మాత్రలు, నొప్పి మాత్రలు ఇంకొంచెం పైన ఉంటాయి, ఎందుకంటే వాటిని మనమే ప్రేమగా తినిపిస్తాం.

వేసవిలో మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది మామిడి టెంక. చీకి పారేసిన టెంకకు వాసన, తీపి, పీచు అన్నీ ఉంటాయి. కుక్క దాన్ని గుటుక్కున మింగుతుంది. అది కడుపులో కొన్నాళ్లు ఊరుకుని, ఒకనాడు కదిలి చిన్నపేగులో బిరడాలా బిగుసుకోవచ్చు. మామిళ్లు తిన్నది గత వారం, వాంతులు ఇవాళ, రెంటికీ సంబంధం ఎవరికి తడుతుంది? టెంక ఎముకలా ఎక్స్-రేలో తెల్లగా కనపడదు, స్కానింగ్ తీయాల్సి రావచ్చు. ఉడికించిన కోడి ఎముకలు చీలికలై గుచ్చుకుంటాయి. సాక్సు, దారం, మొక్కజొన్న కండె కూడా ఇలాగే అడ్డం పడతాయి. నీళ్లు తాగినా కక్కేస్తూ, మలం పూర్తిగా ఆగిపోతే ఆలస్యం చేయొద్దు.

కుక్కపిల్లల విషయంలో ఈ లెక్కలేవీ పనికిరావు. నీచు కంపు కొట్టే నెత్తుటి విరేచనాలు, వాంతులు, నీరసం కలిసి వస్తే ముందు అనుమానించాల్సింది పార్వో. 1978లో బయటపడి కొద్దికాలంలోనే ప్రపంచమంతా చుట్టేసిన వైరస్ ఇది. పేగుల లోపలి పొరనూ తెల్ల రక్తకణాలనూ ఒకేసారి దెబ్బతీస్తుంది. వైద్యం అందకపోతే చాలా పిల్లలు దక్కవు, సెలైనుతో సకాలంలో వైద్యం అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. "రెండు సూదులు వేయించాం కదండీ" అంటారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తొలగుతుందో పిల్లకొక తీరు. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, చివరి మోతాదు 16 వారాలు నిండాక పడేలా చూస్తారు. ఇంకో మాట, పార్వో ఫినాయిల్‌కు లొంగుతుందనుకోకండి. ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి కడిగితే చస్తుంది. ఫినాయిల్ వాసన మాత్రం శుభ్రమైపోయిందన్న నమ్మకాన్ని పుష్కలంగా ఇస్తుంది.

ఏలికపాములు, కొంకిపురుగులు కుక్కపిల్లలకు తల్లి నుంచే సంక్రమిస్తాయి. రెండో వారం నుంచే మందు పట్టించేది అందుకే.

కడుపుతో సంబంధం లేకుండా కడుపు ద్వారా మాట్లాడే జబ్బులు మరికొన్ని. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఆడకుక్క నీళ్లు విపరీతంగా తాగుతూ వాంతులు చేసుకుంటే గర్భసంచిలో చీము చేరి ఉండవచ్చు. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అన్నిటికన్నా తొందరపెట్టేది కడుపు మెలిపడటం. లోతైన ఛాతీ ఉన్న గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్క డొక్క ఉబ్బి, కక్కాలని గింజుకుంటూ ఏమీ రాకపోతే అది గంటల్లో ప్రాణం తీసే స్థితి. తెల్లారాక చూద్దాం అనే మాట అక్కడ చెల్లదు.

మరి ఎప్పుడు ఆగొచ్చు? టీకాలు పడ్డ పెద్ద కుక్క, ఒకటి రెండు వాంతులో విరేచనాలో అయి, హుషారుగా ఉండి నీళ్లు నిలుపుకుంటుంటే ఒక రోజు చూడొచ్చు. లంఖణం పరమౌషధం అన్నమాట పెద్ద కుక్కకు ఓ పూట వర్తిస్తుంది. చిన్న పిల్లకు వర్తించదు, పస్తుతో దాని రక్తంలో చక్కెర పడిపోతుంది. ఆ తర్వాత పథ్యం: మెత్తటి అన్నం, ఉప్పూ నూనే ఉల్లీ లేకుండా ఉడికించిన చర్మం తీసిన కోడి మాంసం, కొంచెం కొంచెంగా. ఉప్పునీళ్లు తాగించి కక్కించే వైద్యం వద్దు, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. ఒళ్లు కాలుతోందని కంగారూ వద్దు, కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. చిగుళ్లు చూడండి. తడిగా గులాబీ రంగులో ఉండి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. జిగటగా, తెల్లగా ఉన్నా, నెత్తురు పడినా, వాంతులు ఆగకపోయినా, కుక్క లేవలేకపోయినా ఆగడం అయిపోయింది.

బయల్దేరేముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి, ఎవరు, ఏమిటి, ఎంత, ఎన్ని గంటలకు అని అడిగి రాసుకోండి. "ఒక్క ముక్కేనమ్మా" అంటారు తాతగారు. మన ఇళ్లలో ఒక్క ముక్క అనేది కొలత కాదు, మర్యాద. ఎవరూ ఒప్పుకోకపోయినా నిరాశపడకండి. కుక్కకు నయమయ్యాక భోజనాల వేళ అది ఎవరి కుర్చీ పక్కన చేరి కూర్చుంటుందో చూడండి. సాక్ష్యం కాస్త ఆలస్యంగా వచ్చినా, అబద్ధం మాత్రం ఉండదు.