టాబ్ వచ్చింది సరే, పాఠం వచ్చిందా?

కార్వేటినగరం: బడికి కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. పెట్టె విప్పడం, సంతకం తీసుకోవడం, ఎన్ని వచ్చాయో పై ఆఫీసుకు లెక్క పంపడం. దానితో పిల్లవాడికి ఏ లెక్క వచ్చిందన్న సంగతి మాత్రం ఆ కాగితంలో ఉండదు.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు 4,59,564, ఉపాధ్యాయులకు 59,176 టాబ్‌ల పంపిణీ తలపెట్టిన విషయం పాఠకులకు తెలిసిందే. మరుసటి ఏడాది నుంచి ఉన్నత పాఠశాలల్లో నల్లబల్ల సరసన, వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు కూడా వెలిశాయి. టాబ్‌లలో పాఠాలు నింపిన బైజూస్ సంస్థ 2024లో దివాలా విచారణ పాలైంది. కంపెనీలు వస్తాయి, పోతాయి. పరికరాన్ని పక్కన పెట్టుకొని నలభై మంది పిల్లల ఎదుట నిలబడేది మాత్రం అయ్యవారే. కనుక అది ఉపయోగపడుతోందా లేదా అన్నది ముందుగా తేల్చవలసినదీ ఆయనే.

పరిశోధన అనగానే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, లావుపాటి థీసిస్, గైడు గుర్తుకొస్తారు. ఉపాధ్యాయుడు తన తరగతిలోనే చేసుకునే పరిశోధన వేరు. దీనిని చర్యాత్మక పరిశోధన అంటారు. అమెరికాలో స్టీఫెన్ కోరీ అనే ఆచార్యుడు 1953లోనే దీనిపై పుస్తకం రాశాడు. మన దేశంలో 1986 జాతీయ విద్యా విధానం తరువాత ఏర్పడిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలకు ఇది కూడా ఒక విధి. డైట్‌లకు నిర్దేశించిన ఏడు విభాగాలలో ఒకటి విద్యా సాంకేతికతకు, మరొకటి బడులతో సంబంధం పెట్టుకొని కొత్త పద్ధతులు పరీక్షించడానికి ఉద్దేశించినవి. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఆ సంస్థ ఉన్నది కార్వేటినగరంలోనే.

చేసే విధానం కష్టమైనదేమీ కాదు. భిన్నాల పాఠం తెర మీద వేస్తే పిల్లలు నోరు తెరుచుకొని చూస్తారు. లెక్క ఇస్తే సగం మంది బలపం కదపరు. బొమ్మ చూశారా, పాఠం చూశారా? ఉపాధ్యాయుడు ముందుగా అయిదు లెక్కలు ఇచ్చి, ఎవరు ఎక్కడ తప్పారో పేరు పేరునా రాసుకోవాలి. తరువాత మూడు వారాలపాటు ఒక్క మార్పు మాత్రమే చేయాలి. నాలుగైదు నిమిషాలకొకసారి తెర ఆపి, ఇద్దరిద్దరి చేత పలక మీద లెక్క చేయించాలి. మళ్లీ అటువంటివే అయిదు లెక్కలు ఇవ్వాలి. నెల గడిచాక మరోసారి ఇస్తేనే నిలిచిందేదో తేలుతుంది. ఇద్దరికి ఒక టాబ్ ఇచ్చినప్పుడు వేలు ఎవరిది, చూపు ఎవరిది అన్నది కూడా రాసుకోదగ్గదే. ఒకే పిల్లవాడు గంటంతా మీటుతూ, పక్కనున్న అమ్మాయి చూస్తూ ఊరుకుంటే, ఇద్దరూ వాడినట్లు రికార్డులో రాయడం తప్పు లెక్క. మార్పు పనిచేయలేదని తేలినా అది ఫలితమే. దానిని దాచిపెట్టనవసరం లేదు.

ఇది ఇక్కడ జరగని పని కాదు. నాడు చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె వద్ద రిషివ్యాలీ గ్రామీణ బడులలో 1980లలో వై.ఏ. పద్మనాభరావు, రమ దంపతులు మొదలుపెట్టింది ఇదే తరహా కృషి. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, నాలుగైదు తరగతుల పిల్లలు. పశువుల వెంట, కోతలకు వెళ్లి వారం తరువాత బడికొచ్చిన పిల్లవాడికి పాఠం అప్పటికే దాటిపోయేది. వారు పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్న చిన్న కార్డులుగా చేశారు. కార్డు మీద గుర్తు, గోడ మీద నిచ్చెన లాంటి పటం. పిల్లవాడు ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు. కార్డులను బడిలో వాడి చూసి, కుదరని వాటిని మార్చుకుంటూ పోయారు. ఆ సరంజామాకే 'పెట్టెలో బడి' అని పేరు వచ్చింది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోట ఉపాధ్యాయులు వచ్చి చూసి వెళ్లిన తరువాతే కర్ణాటకలో 'నలి కలి' పుట్టింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులూ ఈ దారి పట్టాయి. కార్డుకు కరెంటు అక్కరలేదు, నిజమే. కానీ కార్డయినా టాబ్ అయినా బడిలో పరీక్షించి దిద్దుకోకపోతే అది అలంకారమే.

చిక్కు మరోచోట ఉంది. డి.ఎడ్., బి.ఎడ్. చదివేటప్పుడు రికార్డు కోసం చేసిన పరిశోధన మార్కులు పడగానే బీరువా చేరుతుంది. ఉద్యోగంలో చేరిన తరువాత చేద్దామన్నా హాజరు యాప్‌లో ఫొటోలు, భోజనం వివరాలు, ఆన్‌లైన్ నివేదికలు పూట తినేస్తాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఈ మూడు వారాల పరిశీలన మాట చెప్పనే అక్కరలేదు. అక్కడ పక్క బడి ఉపాధ్యాయుడు తోడు రావాలి.

అందుకు వేదిక ఉంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు ఉపాధ్యాయులు ఎలాగూ వస్తారు. ప్రతి సమావేశంలో ఒక బడివారు తమ పట్టికను, తప్పులతో సహా, చదివి వినిపించడానికి అరగంట కేటాయించి, ఆ కాగితాలను కార్వేటినగరం డైట్‌కు పంపితే చాలు. దానికి కొత్త నిధులు అక్కరలేదు.