తాయిలంలో మాత్ర!

షుగరు జబ్బు మనుషుల సొత్తేం కాదు, పిల్లులకీ వస్తుంది. ఇంజెక్షన్ చేస్తుంటే కిక్కురుమనని పిల్లి కూడా నోట్లో బిళ్ల వేయబోతే చాలు, ఇల్లు పీకి పందిరేస్తుంది. అప్పుడిక తాయిలమే దిక్కు. అలాగని ఏ తాయిలమైనా ఫరవాలేదనుకుంటే మొదటికే మోసం!

పొద్దున్న ఏడు గంటలు. ఇంటాయన రెండు చేతులకీ తువ్వాళ్లు చుట్టుకుని మంచం కింద దూరాడు. ఇల్లాలు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పాప చేతిలో మాత్ర. మంచం కింద చీకట్లో రెండు కళ్లు మెరుస్తున్నాయి. పది నిమిషాల తర్వాత చూస్తే... ఇంటాయన మోచేతి మీద మూడు గీతలు, సగం కరిగిన మాత్ర నేలమీద, పిల్లి బీరువా మీద!

ఆ పిల్లి పేరు చింటూ అనుకోండి. పేరేదైనా, షుగరున్న పిల్లిని సాకుతున్న ఇళ్లలో పొద్దున్నే జరిగే భాగోతం ఇంచుమించు ఇదే. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు సభ పెట్టుకున్నాయంటే నవ్వుకుంటాం. పిల్లి నోట్లో మాత్ర వేసేదెవరన్నదీ అంతకన్నా తేలికైన ప్రశ్నేం కాదు.

తీపి తెలియని జీవికి తీపి జబ్బు

పిల్లులకు వచ్చే మధుమేహం చాలావరకు మనుషుల్లోని టైప్-2 లాంటిదే. ఇన్సులిన్ తయారవుతున్నా శరీరం దాని మాట వినదు. పోనుపోనూ తయారీ కూడా తగ్గిపోతుంది. బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాల ప్రకారం అక్కడ దాదాపు 200 పిల్లుల్లో ఒకదానికి ఈ జబ్బు ఉంది. వయసు మీదపడటం, ఒళ్లు చేయడం, గడప దాటకుండా రోజంతా సోఫాలో పడుకోవడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లి కావడం... ఇవన్నీ ముప్పును పెంచేవే. స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినా రావచ్చు.

గిన్నెల కొద్దీ నీళ్లు తాగడం, ఇసుక ట్రే మాటిమాటికీ తడిసిపోవడం, తిండి బాగా తింటున్నా చిక్కిపోవడం మొదటి లక్షణాలు. జబ్బు ముదిరితే వెనక కాళ్ల నరాలు దెబ్బతింటాయి. వేళ్లమీద ఒయ్యారంగా నడవాల్సిన పిల్లి మడమలు నేలకానించి ఈడ్చుకుంటూ నడుస్తుంది.

విడ్డూరమేమంటే పిల్లికి తీపి రుచే తెలియదు. తీపిని పసిగట్టడానికి నాలుక మీద రెండు ప్రొటీన్లు జోడుగా పనిచేయాలి. వాటిలో ఒకదాన్ని తయారుచేసే జన్యువు పిల్లుల్లో మూగబోయిందని అమెరికాలోని మోనెల్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2005లో బయటపెట్టారు. వేటాడి మాంసం తిని బతికే జీవికి లడ్డూ రుచి తెలియాల్సిన అవసరమేముంది! అందుకే చిన్నపిల్లలకు మందు తాగించినట్టు తేనెలోనో బెల్లంలోనో కలిపి పెడదామంటే కుదరదు. కాస్త చేదు తగిలినా మాత్రం ఇట్టే ఉమ్మేస్తుంది.

ఇంజెక్షన్ సరే, మాత్రలెందుకు?

పిల్లి షుగరుకు ప్రధానమైన మందు ఇప్పటికీ ఇన్సులినే. పన్నెండు గంటల తేడాతో రోజుకు రెండుసార్లు ఇవ్వడం మామూలు. సూది సన్నగా ఉంటుంది, పిల్లి చర్మం వదులుగా ఉంటుంది. గిన్నెలో మూతిపెట్టి తింటున్నప్పుడు పొడిచేస్తే చాలా పిల్లులు తలెత్తి చూడవు కూడా.

చిక్కల్లా దానికి తోడుగా వచ్చేవాటితోనే. షుగరున్న పిల్లులకు మూత్రంలో ఇన్ఫెక్షన్లు తరచూ వస్తాయి, దానికి యాంటీబయాటిక్స్. ముసలి పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తుంది, దానికి రోజూ మాత్రలు. మూత్రపిండాలు బలహీనపడితే రక్తపోటు, దానికో బిళ్ల. గ్లిపిజైడ్ లాంటి షుగరు మాత్రలను పిల్లులకూ వాడి చూశారు గానీ, అవి కొన్నింటికే పనిచేస్తాయి.

ఈమధ్య మరో రకం వచ్చింది. రక్తంలో ఎక్కువైన చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపించేసే బెక్సాకాట్ అనే మాత్రకు 2022 డిసెంబరులోనూ, సెన్వెల్గో అనే ద్రవమందుకు 2023లోనూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. రోజుకు ఒక్కసారి చాలు, సూది అక్కర్లేదు. వినడానికి ఎంత హాయి! కానీ వీటికి షరతులున్నాయి. అప్పటికే ఇన్సులిన్ వాడిన పిల్లికి బెక్సాకాట్ ఇవ్వకూడదు. కాలేయం, మూత్రపిండాలు, క్లోమం బాగున్నాయని ముందే పరీక్షలు చేయాలి. రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది. మనుషులకు ఇదే కోవకు చెందిన మాత్రలున్నాయి కదా అని ఇంట్లో పెద్దాయన డబ్బాలోంచి ఓ ముక్క విరిచి పిల్లికి వేయడం ఎంతమాత్రం తగదు.

తెనాలివారి పిల్లి చెప్పిన పాఠం

మాత్ర అనగానే చాలామంది చేసే పని, పొడిచేసి పిల్లి తినే గిన్నెలో కలిపేయడం. సరిగ్గా ఇక్కడే పప్పులో కాలేస్తారు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలియనిదెవరికి! ఎలుకల బాధ పోవడానికి రాయలవారు ఇంటికో పిల్లినీ, దానికి పాలకోసం ఓ ఆవునీ ఇప్పించారట. రామకృష్ణుడు మొదటిరోజే మరుగుతున్న పాలు పిల్లి ముందు పెట్టాడు. మూతి కాలిన ఆ పిల్లి మళ్లీ పాలగిన్నె కనిపిస్తే ఒట్టు, ఒకటే పరుగు! నవ్వుకోవడానికి చెప్పుకునే కథే అయినా పిల్లి స్వభావాన్ని అచ్చంగా పట్టుకుంది. ఒకసారి ఓ తిండి వల్ల బాధపడితే పిల్లి ఆ తిండినే వదిలేస్తుంది.

మాత్ర చేదు కూడా ఆ మరిగే పాలలాంటిదే. రెండురోజులు భోజనంలో చేదు తగిలిందంటే మూడోరోజు చింటూ గిన్నె వాసన చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. మామూలు పిల్లయితే ఓ పూట అలిగిందిలే అనుకోవచ్చు. షుగరు పిల్లి విషయంలో అలా కాదు. తినకుండా ఎప్పటి మోతాదులోనే ఇన్సులిన్ పొడిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇవ్వకపోతే పెరిగిపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లి వరసగా కొద్దిరోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుపోయి అదో కొత్త జబ్బు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కీటోన్లు పెరుగుతున్నాయనడానికి ముందుగా కనిపించే గుర్తుల్లో తిండి మానేయడం ఒకటి. గిన్నెలో మందు కలిపే ఇంట్లో పిల్లి తినడం మానేస్తే చేదుకు జడిసి మానేసిందా, జబ్బు ముదిరి మానేసిందా... ఎలా తెలుస్తుంది? అందుకే భోజనం గిన్నె జోలికి వెళ్లకూడదు. మాత్రకు వేరే వాహనం, వేరే వేళ, వీలైతే వేరే చోటు చూడాలి.

ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

పిల్లికి మాత్ర దాచిపెట్టడానికి మెత్తగా, జిగురుగా ఉండే తాయిలాలు బజారులో దొరుకుతాయి. మధ్యలో గుంటతో, మాత్ర పెట్టి నొక్కేయడానికి వీలుగా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి మంచి సదుపాయమే. కానీ వాటిని ముద్దగా నిలబెట్టడానికి పిండి, తీపిపాకం లాంటివి వాడుతుంటారు. రోజుకు నాలుగు మాత్రలంటే నాలుగు తాయిలాలు. షుగరు పిల్లి తినే మొత్తం కేలరీల్లో పిండిపదార్థాల వాటా 12 శాతం లోపు ఉండేలా చూడాలని వైద్యులు చెబుతుంటే, మందు కోసం పెట్టే తాయిలమే లెక్క తప్పించేస్తే ఎలా? ప్యాకెట్టు వెనక రాసింది చదివాకే కొనాలి.

నిజానికి అంత ఖర్చు కూడా అక్కర్లేదు. చికెన్ ముక్కను ఉప్పూ పసుపూ లేకుండా ఉడికించి, పీచులు తీసి వేళ్లతో గట్టిగా నొక్కితే శనగగింజంత ఉండ అవుతుంది. మాత్ర అందులో ఇట్టే ఇమిడిపోతుంది. ఉడికించిన లివర్ ఇంకా జిగురుగా ఉంటుంది, వాసనకు పిల్లి ఒళ్లు మరిచిపోతుంది. అయితే లివర్లో విటమిన్-ఎ ఎక్కువ కాబట్టి చిటికెడుతో సరి. ముల్లు తీసిన చేప, ఉడికిన గుడ్డులో పచ్చసొన కూడా పనికొస్తాయి. మాంసం వండని ఇళ్లలో ఓ చిన్న పనీరు ముక్కతో ప్రయత్నించవచ్చు. అది మాత్ర మింగించడానికే సుమా, పిల్లికి అదే భోజనమైతే చాలదు. మాంసం లేనిదే బతకలేని జీవి అది.

ఇంట్లో వండిన కూరలోంచి ముక్క తీసి కడిగి పెడదామనుకోవద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కడిగినా రసం ముక్కలోనే ఉంటుంది. ఎండుచేపల్లో, ఎండురొయ్యల్లో ఉప్పెక్కువ. రక్తపోటు, మూత్రపిండాల బాధ ఉన్న పిల్లికి కూడదు. బిస్కెట్టు, బ్రెడ్డు, పెరుగన్నం మాట సరేసరి. పాలలోనూ సహజమైన చక్కెర ఉంటుంది, పైగా పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు.

ఏది పెట్టినా రోజు మొత్తం తిండిలో తాయిలాల వాటా పదో వంతు మించకుండా చూసుకోవాలి.

ఉత్తది... మాత్రది... ఉత్తది!

కాస్త ఆకలి మీద ఉన్నప్పుడు, భోజనానికి కొంచెం ముందు మొదలుపెట్టండి. అయితే కొన్ని మందులు తిండితోనే వేయాలి, ఆ సంగతి డాక్టర్ని ముందే అడగాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కయితే గోరువెచ్చగా చేయండి. వెచ్చదనానికి వాసన లేస్తుంది, పిల్లికి రుచికన్నా వాసనే ముఖ్యం.

మూడు ఉండలు సిద్ధం చేసుకోవాలి. మొదటిది ఉత్తది. నమ్మకం కుదరడానికి. రెండోదాంట్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడో ఉండ ముక్కు ముందు కనిపించాలి. దాన్ని అందుకోవాలన్న తొందరలో రెండోది నమలకుండా గుటుక్కుమంటుంది. ఇంకో జాగ్రత్త. మాత్ర ముట్టుకున్న వేళ్లతో ఉండ పైభాగం ముట్టుకోకూడదు. వేళ్లకంటిన పొడి వాసన చాలు, పిల్లి మోసాన్ని పసిగట్టేయడానికి. ఒక చేత్తో మాత్ర, రెండో చేత్తో తాయిలం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి నాలుగైదు రోజులు మాత్ర లేకుండానే ఈ మూడు ఉండల ఆట ఆడించాలి. మందు రేపే మొదలుపెట్టాల్సి వస్తే ఆ వెసులుబాటు ఉండదనుకోండి. అందుకే మాత్రల అవసరం రాకముందే, పిల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడే అలవాటు చేస్తే మంచిది.

డాక్టర్ని అడగకుండా మాత్రను పొడిచేయొద్దు, విరవొద్దు. కొన్నింటికి పైపూత ఉంటుంది, కొన్ని నెమ్మదిగా కరిగేలా చేసినవి. పొడిచేస్తే చేదు పదింతలై నోట్లోంచి నురగ కక్కుతుంది. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. మరీ చేదు మాత్రయితే ఖాళీ క్యాప్సూల్లో పెట్టి ఇవ్వొచ్చేమో అడగండి.

ఎన్ని చేసినా తాయిలం తిని మాత్ర ఉమ్మేసే గడుగ్గాయిలుంటాయి. అప్పుడు నోరు తెరిచి వేయక తప్పదు. తువ్వాలులో చుట్టి, వెనకనుంచి పట్టుకుని, తల కొద్దిగా పైకెత్తి, నాలుక చివరికంటా మాత్ర జారవిడవాలి. ఆ తర్వాత కాసిని నీళ్లయినా, కాస్త మెత్తటి తిండయినా తప్పనిసరి. పొడి గొంతులో మాత్ర ఆహారనాళంలోనే చిక్కుకుపోవచ్చు. డాక్సీసైక్లిన్ లాంటివి అక్కడే కరిగి పుండు పడేలా చేస్తాయి. ఈ పద్ధతిని పశువైద్యుడు చేసి చూపించాకే ఇంట్లో ప్రయత్నించాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులున్నాయి.

తీపికీ ఓ వేళ

షుగరు పిల్లి ఉన్న ఇంట్లో తేనెసీసాకో, గ్లూకోజు పొడికో ఒక్కటే పని. ఇన్సులిన్ ఎక్కువై పిల్లి తూలుతున్నా, నీరసంగా వాలిపోతున్నా, వణుకుతున్నా వెంటనే చిగుళ్లకు కాస్త పూసి ఆసుపత్రికి పరుగెత్తాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పోయకూడదు, రుద్దడమే. ఇలాంటి ప్రమాదాలకు సిరంజి తేడా కూడా ఓ కారణం. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులినూ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. వందదాన్ని నలభై సిరంజితో కొలిస్తే రెండున్నర రెట్ల మందు ఒంట్లోకి వెళ్లిపోతుంది.

ఇవన్నీ సక్రమంగా సాగితే ఆశ పెట్టుకోదగ్గ సంగతే ఒకటుంది. జబ్బును తొలిదశలోనే పట్టుకుని, ఇన్సులిన్ ఇస్తూ, పిండిపదార్థాలు తగ్గించి, బరువు దించితే కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. మనుషుల్లాగే మళ్లీ తిరగబెట్టే అవకాశమూ ఉంది కాబట్టి పరీక్షలు మాత్రం ఆపకూడదు.

వంటింట్లో క్యాలెండర్ పక్కన ఓ పెన్ను వేలాడదీయండి. మాత్ర వేసినవాళ్లే టిక్కు పెట్టాలి. లేకపోతే పొద్దున్న ఆఫీసు హడావుడిలో ఆయన ఒకటి వేసి వెళ్తారు, ఆ సంగతి తెలియక ఆవిడ ఇంకోటి వేస్తుంది. తిన్నట్టే తిని ఉమ్మేసే రకమైతే రెండు నిమిషాలు కనిపెట్టి ఉండాలి. పండక్కి సోఫా జరిపి ఊడుస్తుంటే దాని కింద ఎండిపోయిన మాత్రలు మూడో నాలుగో దొరికాయా... తిట్టకండి, మళ్లీ అవే వేయకండి. లెక్కపెట్టి డాక్టరుకు ఫోన్ చేయండి. మందు పనిచేయడం లేదనుకుని ఆయన మోతాదు పెంచేలోపే!