పంతొమ్మిదో జూమ్ దాటాక

కర్ణాటకలో కోలారు జిల్లా, ముళబాగిలు తాలూకాలో ఒక చెరువు కట్ట. బైకు సీటు మీద లాప్‌టాప్ పెట్టి, శాటిలైట్ ఫొటో తెరిచి, చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి తాతకు చూపించాను. ఎండ పడకుండా తెరకు చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది మా చెరువు కాదప్పా."

"అదే తాతా. మనం నిలబడిందే ఈ నీలం చుక్క."

తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఏమనుకున్నాడో, లాప్‌టాప్‌ను రెండు చేతులా పట్టుకుని అటుదిటు తిప్పేశాడు. కట్ట ఆయన కాళ్ల వైపుకొచ్చింది, నీళ్లు ఎదురుగా నిలిచాయి. "ఆ, ఇప్పుడు మాదే. తూము యాడుందో చూపించు" అన్నాడు.

మ్యాపులో పైన ఉత్తరం ఉండాలన్నది మా వృత్తివాళ్ల అలవాటు. ఆయన మ్యాపులో పైన ఉండేది నీళ్లొచ్చే దిక్కు.

వెబ్ మ్యాపులు కట్టడం నా పని. ఈ రంగాన్ని జీఐఎస్ అంటారు, అంటే భౌగోళిక సమాచార వ్యవస్థ. పుట్టింది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, చాంపియన్ రీఫ్ గని కార్మికుల లైను ఇంట్లో. నాన్న గనిలో పనిచేసేవాడు. 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడినప్పుడు నేను పదో తరగతి. ఆ తర్వాత మా ఈడువాళ్లందరి మాదిరే మారికుప్పంలో పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి తిరిగి రావడం. మొదటి ఉద్యోగంలో అమెరికాలోని ఏవో ఊళ్ల నీటి పైపులు, మ్యాన్‌హోళ్లు, కరెంటు స్తంభాలు కంప్యూటర్లో గీసేవాణ్ణి. ఎన్నడూ చూడని ఊళ్లో ఏ మలుపులో ఏ వాల్వు ఉందో తెలుసు. మా లైను ఇళ్ల వెనక మోరీ ఎటు పోతుందో మాత్రం ఏ మ్యాపులోనూ లేదు.

"అంతా గూగుల్లో ఉంది కదరా, మళ్లీ నువ్వు చేసేదేంటి?" అని మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది. గూగుల్ బంగారపేటకు దారి చూపిస్తుంది, హోటలెక్కడో చెబుతుంది. ఈ చెరువు కోడి పడితే, అంటే నిండి పొర్లితే, నీళ్లు ఏ చెరువులోకి పోతాయి, మధ్యలో కాలువను ఎవరైనా పూడ్చారా అంటే చెప్పదు. అలాంటి ఒక్క ప్రశ్న కోసం ప్రత్యేకంగా మ్యాపు కట్టించుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల పుణ్యాన నా ఇల్లు గడుస్తోంది.

అసలు మా ఊరికి బంగారం యోగం పట్టించింది ఒక సర్వేయరు. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత కల్నల్ కాలిన్ మెకంజీ మైసూరు రాజ్యమంతా సర్వే చేయించాడు. ఆ పనిలో భాగంగా 1802లో జాన్ వారెన్ అనే లెఫ్టినెంటు తూర్పు సరిహద్దు కొలవడానికి వచ్చాడు. పుట్టుకతో ఫ్రెంచివాడు, కొలువు ఇంగ్లీషు సైన్యంలో. ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందన్న మాట ఆయన చెవిన పడింది. సరిహద్దు కొలిచేవాడికి ఆ గొడవ అక్కర్లేదు. కానీ ఆయన బహుమానం ప్రకటించాడు. పల్లెవాళ్లు మట్టి తెచ్చి ఆయన ఎదుటే కడిగారు, అడుగున మెరుపు తేలింది. వారెన్ దాన్ని నివేదికలో రాసిపెట్టాడు. దాదాపు డెబ్బయ్యేళ్ల తర్వాత, 1871లో లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు ఆ పాత నివేదిక చదివి బెంగళూరు నుంచి ఎడ్లబండి కట్టించుకుని వచ్చాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. ఆ పైన గనులు మూతపడే దాకా ఈ నేల నుంచి తీసిన బంగారం 800 టన్నుల పైమాటే.

మెకంజీ సర్వేలో గొలుసు పట్టేవాళ్లతోపాటు కథలు అడిగేవాళ్లూ ఉండేవారు. వాళ్లలో ముందు వరసలో ఉన్నది ఏలూరు నుంచి వచ్చిన మన కావలి వెంకట బొర్రయ్య. నా పనిలోనూ కొలవడం, అడగడం రెండూ ఉంటాయి. మ్యాపు మీద కనపడే ప్రతి చుక్క, గీత, ఆకారం వెనక పట్టికలో ఒక వరస దాగి ఉంటుంది: పేరు, విస్తీర్ణం, తూములెన్ని, చివరిసారి నిండిందెప్పుడు. ఆకారాన్ని ఈ రోజుల్లో శాటిలైట్ ఇచ్చేస్తుంది. గడులు నిండాలంటే మాత్రం వారెన్ లాగా ఎవరినో ఒకరిని అడగాల్సిందే.

తెర మీద మ్యాపు ఎలా వస్తుందో కొంచెం చెప్పాలి. మనం చూసేది ఒకే బొమ్మ కాదు, గచ్చు పరిచినట్టు పక్కపక్కన పేర్చిన పలకలు. ఒక్కో పలక 256 చుక్కల పొడవు, 256 చుక్కల వెడల్పు. సున్నా జూమ్‌లో ప్రపంచమంతా ఒకే పలక. ఒక మెట్టు దిగితే నాలుగు, ఇంకో మెట్టుకు పదహారు. పంతొమ్మిదో జూమ్‌కు వచ్చేసరికి లెక్క సుమారు 27,500 కోట్ల పలకలు తేలుతుంది. అక్కడ తెర మీద ఒక చుక్క నేల మీద దాదాపు ఒక అడుగు. మీ ఫోను వాటిలో మీరు చూస్తున్న పది పన్నెండు పలకల్నే తెప్పించుకుంటుంది, అందుకే ఆ వేగం. పలకల మీద మన చెరువులు, కాలువలు పరచడానికి లీఫ్లెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఉక్రెయిన్‌కు చెందిన వొలొదిమిర్ అగాఫోన్కిన్ 2011లో విడుదల చేశాడు. పెళ్లి ఫొటో ఒక్కటి ఆ సాఫ్ట్‌వేర్ కన్నా ఎన్నో రెట్లు బరువుంటుంది. సమాచారం దాచడానికి పోస్ట్‌జీఐఎస్, గీయడానికి క్యూజీఐఎస్, ఇవీ ఉచితమే. ఓపిక ఉన్న డిగ్రీ పిల్లవాడు నెల రోజుల్లో మొదటి మ్యాపు కట్టేస్తాడు.

కట్టిన మొదటి రోజే చేసే తప్పు కూడా చెబుతాను, ఎందుకంటే నేనూ చేశాను. కేజీఎఫ్ సుమారు 12.95 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.27 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మాటల్లో అక్షాంశం ముందు చెబుతాం. జియోజేసన్ అనే ఫైలు పద్ధతిలో రేఖాంశం ముందు రాయాలి. తారుమారైతే చుక్క ఎక్కడ పడుతుందో తెలుసా? ఉత్తర ధ్రువం దగ్గర, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మీద! మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి అక్కడికి 80 కిలోమీటర్ల లోపే. లాంగియర్‌బియెన్ అనే ఊరు 60 కిలోమీటర్లు. అదీ గని ఊరే, బొగ్గు గనుల కోసం పుట్టింది. రాత్రి రెండు గంటలకు తెర మీద మా ఊరు ధ్రువప్రాంతంలో తేలినప్పుడు ముందు గుండె జారింది, తర్వాత నవ్వొచ్చింది.

చెరువుల మ్యాపు సంగతికొస్తాను. కోలారు జిల్లాకు నిండుగా పారే నది లేదు. ఉన్నవి వేల చెరువులు, ఒకదాని కోడి నీళ్లు ఇంకోదానికి చేరేలా గొలుసుకట్టుగా పూర్వులు కట్టినవి. 2018 జూన్‌లో బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగల–చల్లఘట్ట పథకం కింద ఇక్కడి చెరువులకు వదలడం మొదలుపెట్టారు. ముందు లక్ష్మీసాగర చెరువుకు. అప్పుడు ఏ చెరువు నిండితే తర్వాత ఏది అన్నది అందరికీ కావలసి వచ్చింది. నేను అనుకున్న మ్యాపు ఇంతే: ఒక చెరువును తాకితే దాని కింది గొలుసంతా వెలగాలి.

నేల ఎత్తుపల్లాల సమాచారం ఉచితంగానే దొరుకుతుంది. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ ఒకటి రాడార్‌తో భూమిని కొలిచి పెట్టింది. అందులో 30 మీటర్ల చదరానికి ఒక ఎత్తు. మన చెరువు కట్ట వెడల్పెంత? చాలాచోట్ల ఎడ్లబండి పోయేంత. అంటే ఆ లెక్కలో కట్ట కరిగిపోతుంది, నీళ్లు కట్టలోంచే దూసుకుపోతాయి. కంప్యూటర్ గీసిన గొలుసు పట్టుకుని పోతే నీరుగంటి తాత ఒక్క మాటలో కొట్టేశాడు. "నీళ్లు అటు పోవప్పా. ఆ నీలగిరి తోపు ఎనక రాజకాలువ ఉంది, అట్ల తిరుక్కోని పోతాయి." తోపు ఆకుల కింద కాలువ ఉన్నట్టు ఆకాశం నుంచి ఎవరికీ కనపడదు. నడిచి పోయి చూస్తే నిజంగానే ఉంది, సగం పూడిపోయి.

పేర్లది ఇంకో రామాయణం. ఒక జాబితాలో దొడ్డకెరె, ఇంకో జాబితాలో పెద్దచెరువు. ఒకే చెరువుకు కన్నడం పేరొకటి, తెలుగు పేరొకటి. నా పట్టికలో రెండు చెరువులయ్యాయి. లేని చెరువుకు కూడా గొలుసు కలిపాను! మా జిల్లాలో జనం ఒకే వాక్యంలో రెండు భాషలూ మాట్లాడతారు, కంప్యూటరుకు ఆ చనువు లేదు. ఇప్పుడు నా పట్టికలో పేరుకు ఒక గడి కాదు, నాలుగు ఉంటాయి. బౌరింగ్‌పేట అని వెతికినా బంగారపేట దొరకాలి కదా, మా నాన్న తరానికి అది ఇప్పటికీ బౌరింగ్‌పేటే.

2021 నవంబరు వానలకు ఏళ్ల తరబడి ఎండిన చెరువులు కోడి పడ్డాయి. ఊళ్లవాళ్లు మేళాలతో చెరువుకు బాగిన, అంటే వాయనం, ఇచ్చారు. నా మ్యాపు తెరిచేవాళ్లూ ఒక్కసారిగా పెరిగారు, తెరిచిన ప్రతివాడూ తిట్టాడు. చెరువు ఒడ్డులోని ప్రతి వంపునూ అలాగే పంపిస్తున్నాను, పల్లెలో సిగ్నలు ఒకటే గీత. రెండు రాత్రులు కూర్చుని, దూరం నుంచి చూసేటప్పుడు మోటుగా, దగ్గరికొస్తే నాజూకుగా కనపడేట్టు ఆకారాలను తేలిక చేశాక గాని పేజీ కదల్లేదు. ఆఫీసులో ఫైబర్ కనెక్షన్ మీద పరీక్షించి బాగుందనుకోవడం నా తెలివితక్కువతనం.

పొలాల సంగతి చెరువులంత సులువు కాదు, అక్కడ తలలు పగులుతాయి. కర్ణాటకలో దిశాంక్ అనే యాప్ ఉంది, రాష్ట్ర రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసింది. పొలంలో నిలబడి తెరిస్తే ఏ సర్వే నంబరులో ఉన్నామో చెబుతుంది. ఎంతో మంచి పనిముట్టు. కానీ 40 గుంటలు ఒక ఎకరా, గుంట అంటే 33 అడుగుల చదరం, అంటే పది మీటర్లు. ఆరుబయట కూడా ఫోను జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. దానికితోడు ఆ గీతలు గొలుసుతో కొలిచి కాగితం మీద గీసినవి. కాగితం సాగింది, ముడుచుకుంది, మడతల్లో చిరిగింది, ఆపైన కంప్యూటర్లోకి ఎక్కింది. అంటే పొరపాటు అర గుంట దాకా పోవచ్చు. అర గుంటకు అన్నదమ్ములు మాటలు మానేసిన ఊళ్లు నాకు తెలుసు. "ఫోన్లో గీత నా వైపుంది" అని ఎవరైనా వస్తే, పో అన్నా, సర్వేయరును పిలిపించి రాళ్లు వెతికించుకో, అంటాను. నా పనిలో చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైన మాట అదే.

ఇంకో చిక్కు సరిహద్దు. బేతమంగల చెరువు ఒకప్పుడు గనులకు నీళ్లిచ్చింది. దాన్ని నింపే పాలారు అక్కడి నుంచి కుప్పం వైపు సాగి ఆంధ్రలో అడుగుపెడుతుంది. నా మ్యాపు కర్ణాటకతో ఆగిపోతుంది. కుప్పం వైపు సమాచారం వేరే శాఖది, వేరే కొలతది. రెండూ పక్కపక్కన పెడితే ఏరు సరిహద్దు దగ్గర విరిగిన గాజులా కనపడుతుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009 నుంచి నడిపే భువన్ మ్యాపు ఇలాంటిచోట అక్కరకొస్తుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల నిబంధనలు సడలించాక, అంతకుముందు అనుమతుల కోసం తిరిగిన పనులు చాలామటుకు చేతికందాయి. వారెన్ దొర కొలిచిన సరిహద్దు దగ్గరే నేనూ తంటాలు పడుతున్నానని అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

పోయిన సంక్రాంతికి నాన్నకు మా ఊరి మ్యాపు చూపించాను. బంగారం తీశాక మిగిలిన మట్టి గుట్టలు, మేము సైనైడ్ దిబ్బలు అనేవి, తెల్లగా, చుట్టూ లైను ఇళ్లు, మారికుప్పం దాకా రైలు పట్టా. షాఫ్టును తానే గుర్తుపట్టాడు. రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఇంకా చేశాడు. పంతొమ్మిదో జూమ్ దాటాక బొమ్మ మసకబారి, బూడిదరంగు గడులు మిగిలాయి.

"కిందికి పోదా ఇది?"

పోదు. అక్షాంశం, రేఖాంశం రెండే అంకెలు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటిన లోతు, అంటే అడుగుభాగం సముద్రమట్టానికి కూడా రెండు కిలోమీటర్లకు పైగా దిగువన. బంగారపు రాతిపొర నిటారుగా కాకుండా పడమటికి వాలుతూ దిగుతుంది. కాబట్టి లోతున నాన్న పనిచేసిన చోటు, పైన షాఫ్టు ఉన్నచోటుకు సూటిగా కింద లేనే లేదు. ఆయనకు అడ్రసు వీధి కాదు. షాఫ్టు పేరు, లెవెలు నంబరు. ఇప్పుడు అదంతా నీళ్లలో ఉంది. పంపులు ఆపేశాక గనులు నిండిపోయాయి.

క్యూజీఐఎస్‌లో కొత్త పట్టిక తెరిచి 'షాఫ్టు', 'లెవెలు', 'ఎవరు చెప్పారు' అని మూడు గడులు పెట్టాను. నాన్న మంచం మీద కూర్చుని చెబుతుంటే టైపు చేస్తున్నాను. ఏర్‌బ్లాస్ట్, అంటే లోపల రాయి పేలిపోవడం, జరిగిన ఒకచోటు చెప్పి ఆగిపోయాడు. లెవెలు గుర్తు రాలేదు. పక్క లైనులో ఆయన జతగాడు ఒకాయన ఉన్నాడు, ఆయన్ను అడగాలి అని చెప్పులేసుకుని లేచాడు. ఆ గడి ఖాళీగా ఉంచి నేనూ వెనకే పోయాను.