1908లో ఉస్మానియా బిస్కెట్టా?

తొమ్మిదో తరగతి పిల్లల చేత చారిత్రక కథ రాయిస్తే మొదటి డ్రాఫ్టులో ఏమేం వస్తాయో తెలుసా? నా బల్ల మీదున్న ముప్పై నాలుగు నోటుబుక్కుల్లోంచి కొన్ని చెబుతాను. 1908 మూసీ వరదకు ముందురోజు సాయంత్రం ఒక కథానాయకుడు చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ముంచుకు తింటున్నాడు. ఇంకో కథలో గండిపేట నీళ్లు నల్లాలో ధారగా వస్తున్నాయి. మూడో దాంట్లో పీకల్లోతు నీళ్లలో నిలబడ్డ ముసలాయన కొడుకుతో "నాయనా, అధైర్యపడకుము" అంటాడు. చేతిలో గద ఒక్కటే తక్కువ!

హైదరాబాద్‌లో ఒక సర్కారు బడిలో తెలుగు చెబుతాను. దసరా సెలవుల తర్వాత ఆరు శనివారాలు, చివరి రెండు పీరియడ్లు మాకు కథల పీరియడ్లు. ఈసారి అందరికీ ఒకే రోజు ఇచ్చాను: 1908 సెప్టెంబర్ 28, సోమవారం. మూసీ పొంగి సుమారు పదిహేను వేల మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే రోజు. మా పిల్లల్లో చాలామంది ఇళ్లు ఆ నది చుట్టుపక్కలే. రోజూ ముక్కు మూసుకుని దాటే మురికి కాలువ ఒకప్పుడు అఫ్జల్‌గంజ్ వంతెనను ఎత్తుకుపోయిందంటే వాళ్లు నమ్మలేదు. "సార్, గీ మూసీనా?" అన్నారు.

తేదీల తప్పులు దిద్దడం సులువు. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో. వరద నాటికి నిజాం ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్. కాబట్టి ఉస్మాన్ పేరుతో బిస్కెట్టూ లేదు, ఆసుపత్రీ లేదు, సాగరూ లేదు. మనం గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. ఆ వరద తర్వాతే, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఈ రెండు జలాశయాలకూ అదే మొదలు. ఇదంతా విని, నల్లా రాసిన పిల్లాడు తల గోక్కుంటూ "అంటే వరద రాకముందే నేను డ్యాము కట్టేసిన్నా సార్?" అన్నాడు. వాడి చేతే గోడకు ఒక చార్టు పెట్టించాను. ఉన్నవి ఒక వైపు: పురానాపూల్, రైలు, కిరసనాయిలు దీపం, హాలీ సిక్కా రూపాయి. లేనివి ఇంకో వైపు. లేనివాటి జాబితా వారం తిరక్కుండానే చార్టు దాటి గోడెక్కింది.

"అధైర్యపడకుము"ను మాత్రం చార్టు ఆపలేకపోయింది. పిల్లలకు పాతకాలం అంటే టీవీలో వచ్చే పౌరాణికం. అందుకే ఒక పని చెప్పాను. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు వాడేవీ మీరు వాడనివీ పది మాటలు రాసుకురండి అని. కందిలి, గంజు, అర్ర, దూప, సందూఖ్... బోర్డు నిండిపోయింది. రెండో డ్రాఫ్టులో ఆ ముసలాయన "దూపైతుంది బిడ్డా" అన్నాడు. చుట్టూ అన్ని నీళ్లుండగా! చదువుతుంటే నా ఒళ్లు జలదరించింది.

ఒక శనివారం అందరినీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణకు తీసుకెళ్లాను. వరదలో నూటయాభై మందికి పైగా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పే చింతచెట్టు అక్కడుంది. పిల్లలు కొమ్మలు లెక్కపెట్టారు. ఎవరెక్కడ కూర్చునుంటారని వాదించుకున్నారు. ఒకడు మెల్లగా నా పక్కకొచ్చి, "సార్, గంతసేపు ఉచ్చకెట్ల పోయిన్రు?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం "అది రాయి" అన్నాను. రాశాడు. చెట్టు మీద ఓ పెద్దమనిషి సిగ్గుతో కళ్లు మూసుకునే ఆ పేరా చదివినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

అసలు చిక్కు చెట్టుతోనే వచ్చింది. పిల్లలకు ముగింపు తెలుసు. దాంతో నీళ్లు గడప దాటగానే పాత్రలన్నీ చింతచెట్టు వైపు పరుగో పరుగు. "ఆ చెట్టు నిలబడుతుందని మీవాళ్లకు ఎవరు చెప్పారు?" అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు. ఆయనకూ ఏ దిక్కుకు పోతే బతుకుతామో తెలియదు కదా. నిజాం స్వయంగా వచ్చి మూసీకి హారతిచ్చాడన్న కథను కూడా చాలామంది కళ్లతో చూసినట్టే రాశారు. దాన్ని కొట్టేయించలేదు. "ఎవరో అన్నారట" అని పాత్ర నోట పెట్టమన్నాను, అంతే.

మా దగ్గర కథను రాసినవాళ్లు చదవరు, పక్కవాళ్లు చదువుతారు. వినేవాళ్లు ఎక్కడ నమ్మకం కుదరకపోతే అక్కడ చెయ్యెత్తాలి. ఎర్ర ఇంకు చివరి డ్రాఫ్టు దాకా సంచిలోనే ఉంటుంది. అచ్చుతప్పుల భయం పట్టుకుంటే పిల్లలు తెలిసిన మాటలే రాస్తారు, అది నా అనుభవం.

అలా ఒకమ్మాయి కథ చదువుతున్నాం. మూసీ ఒడ్డున ఒక చాకలి ముసలమ్మ. అందరూ వెళ్లిపోతుంటే కదలదు. "మూర్ఖురాలు" అని రాసింది ఆ అమ్మాయి, మూడు వాక్యాల్లో ముంచేసింది. వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది.

"ఆమె ఎందుకు పోలేదో రాయలే."

"ఎందుకంటే ఆమెకు తెల్వదు."

"తెలుసు" అంది చెయ్యెత్తిన పిల్ల. 2020 అక్టోబర్ వానలకు వాళ్లింట్లోకి నీళ్లొచ్చాయట. నడుముదాకా వచ్చినా వాళ్లమ్మ బయటికి రాలేదట. "కుట్టు మిషన్ ఉండె. కిస్తీలు ఇంకా కట్టేదుండె." ఎవరి వంకా చూడకుండా చెప్పి కూర్చుంది. నేనేమీ అనలేదు. ఆ పీరియడ్‌లో ఇంకో కథ చదవలేదు.

రెండో డ్రాఫ్టులో చాకలి ముసలమ్మ ఇంట్లో పదమూడు ఇళ్ల బట్టల మూటలున్నాయి. అవి పోతే ఎవరికని జవాబు చెబుతుంది? ఒక్కో మూటనూ దూలానికి కడుతుంటే నీళ్లు పెరుగుతుంటాయి. "మూర్ఖురాలు" అన్న మాట పోయింది. మూడో డ్రాఫ్టుకొచ్చేసరికి కొత్త తగాదా. రాసిన పిల్లకు ముసలమ్మ మీద ప్రేమ పుట్టింది, ఎలాగైనా బతికించాలంటుంది. సగం క్లాసు ఆమె వైపు, సగం ఎదురు. చివరికి ముసలమ్మను కప్పు మీద వదిలేసింది. మూటలు లెక్కపెడుతుంది. పన్నెండే ఉన్నాయి. అక్కడ ఆపేసింది.

చెయ్యెత్తిన పిల్ల కథ ఇంకా రెండో డ్రాఫ్టులోనే ఉంది. మొన్న స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "సార్, 1908ల కుట్టు మిషన్లు ఉండెనా?" అని అడిగింది. ఉండేవి, సింగర్ మిషన్లు అప్పటికే మన దేశంలో అమ్ముడవుతున్నాయి అన్నాను. చార్టులో ఉన్నవాటి వైపు తనే రాసింది. ఇంకో వారం గడువు కావాలంది, ఇచ్చాను.