సర్వర్ ప్రోగ్రాములు – పోర్టుల సంఘర్షణ

ఒక పెద్ద భవనమునకు చిరునామా ఒక్కటే. అయినను ఉత్తరము సరియైన వారికి చేరుటకు గది సంఖ్య కూడ కావలెను. కంప్యూటరు యొక్క నెట్‌వర్కు చిరునామా భవనము వంటిదైనచో, పోర్టు సంఖ్య గది సంఖ్య వంటిది. దీనికి 16 బిట్లు మాత్రమే కేటాయింపబడినందున 0 నుండి 65,535 వరకే సంఖ్యలు గలవు. వెబ్ సేవకు 80, ఈమెయిల్ రవాణాకు 25 నిర్దేశింపబడినవి.

ఒకే చిరునామాపై ఒకే పోర్టును సాధారణముగా రెండు సర్వర్లు పొందజాలవు. రెండవది కోరినచో ఆపరేటింగ్ సిస్టమ్ నిరాకరించును. ఇదియే పోర్టుల సంఘర్షణ.

మా ప్రయోగశాలలో జరిగిన దొకటి మనవి చేయుచున్నాము. మేము సర్వర్ ప్రోగ్రామును ఎన్నిమార్లు సవరించి నడిపినను పాత జవాబే వచ్చుచుండెను. దోషములేని పంక్తులను దిద్దుటలోనే ఒక పూట గడచినది. ముందురోజు నడిపిన ప్రోగ్రాము ఆగక నడచుచునే ఉన్నదనియు, క్రొత్తదానికి పోర్టు లభింపలేదనియు తుదకు తెలిసినది. పోర్టును కోరు 'బైండ్' ఆదేశము విఫలమైనట్లు సిస్టమ్ తెలిపినను, మా ప్రోగ్రాము ఆ ఫలితమును పరిశీలింపనే లేదు.

కొందరు ముందుగా ఆ పోర్టుతో సంధానమునకు ప్రయత్నించి, జవాబు రానిచో అది ఖాళీయని తలంతురు. ఇది నమ్మదగినది కాదు. పరీక్షకును బైండునకును నడుమ మరియొక ప్రోగ్రాము ఆ పోర్టును పొందవచ్చును. బైండ్ చేసి ఫలితమును చూచుటయే సరియైన పరీక్ష. చిరునామా వాడుకలో ఉన్నదను దోషమునకు లైనక్సులో 98, విండోసులో 10048 సంఖ్యలు. అది కనబడినచో ప్రోగ్రాము పోర్టు సంఖ్యను తెలిపి ఆగవలెను. పిమ్మట లైనక్సులో 'ఎస్ఎస్', విండోసులో 'నెట్‌స్టాట్' ఆదేశములతో ఆ పోర్టును పట్టియున్న ప్రోగ్రామును కనుగొనవచ్చును.

ఒక్కొక్కప్పుడు పాత ప్రోగ్రాము ఆగినను నిరాకరణ వచ్చును. ముగిసిన సంధానములు కొంతసేపు 'టైమ్ వెయిట్' స్థితిలో నిలుచుటయే కారణము. లైనక్సులో బైండునకు ముందు 'రీయూజ్ అడ్రస్' ఎంపికను పెట్టినచో ఈ చిక్కు తొలగును. కాని విండోసులో ఆ ఎంపిక రెండు ప్రోగ్రాములను ఒకే పోర్టుపై నిలిపి, సంఘర్షణనే కప్పిపుచ్చగలదు. అచ్చట 'ఎక్స్‌క్లూజివ్ అడ్రస్ యూజ్' తగినది.

విద్యార్థులకు మేము చెప్పునది ఇంతే: యంత్రము కాదన్నప్పుడు ఆ మాట వినుడు. కళాశాల సంఘము వారికి మా విన్నపము: ఒకే యంత్రమును పలు జట్లు వాడు ప్రయోగశాలలో ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క పోర్టు సంఖ్యను కేటాయించి, ఆ పట్టికను గోడపై అంటింపగోరుచున్నాము.